సీలు విప్పని పెట్టె

మా ఇంట్లో బాత్రూమ్ కడిగేది నేనే. అది దానంతటదే శుభ్రపడుతుందని మిగతావాళ్ళ నమ్మకం. ఆ శనివారం కూడా నేనే బ్రష్షు పట్టుకుని దిగాను. గట్టు మీద తెల్ల ప్లాస్టిక్ గిన్నెలో బ్లీచింగ్ నీళ్ళు కనిపించాయి. ఈయనగారికి ఇవాళ ఏ దేవుడు బుద్ధి పుట్టించాడో, కలిపి కూడా పెట్టారే అని మురిసిపోయాను. గిన్నెడు నీళ్ళూ కమోడ్‌లో ఒంపేసి, బరబరా తోమి, ఫ్లష్ నొక్కేశాను.

కాసేపటికి మా ఆయన బాత్రూమ్‌లోకి వెళ్ళి వచ్చిన తీరు చూడాలి. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఇక్కడ గిన్నె ఏదే?"

"కడిగి బోర్లించానండీ."

"అందులో బంపరు?"

"బంపరేంటి?"

ఆయన గోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయి కూర్చున్నారు. నాకు నవ్వొచ్చింది. నిజం చెప్పొద్దూ, ఆ క్షణానికి నవ్వే వచ్చింది.

మా ఆయనకీ బావగారికీ, అంటే మా ఆయన అన్నగారికి, పాత అమెరికా కార్ల బొమ్మలు కట్టే పిచ్చి ఉంది. బొమ్మలంటే ఇద్దరికీ ఒళ్ళు మండుతుంది, మోడళ్ళు అనాలి. అసలు కారులో ఇరవై ఐదో వంతు సైజు. కిట్టు అని అమ్మే పెట్టెలో ముక్కలన్నీ ప్లాస్టిక్ ఫ్రేములకి అతుక్కుని వస్తాయి. వాటిని ఒక్కొక్కటే కత్తిరించి, గీకి, రుద్ది, రంగు కొట్టి, అతికించి కారు చేస్తారు. బావగారు కంపెనీవాడు ఇచ్చినట్టే పొల్లుపోకుండా కడతారు. మా ఆయనకి అలా కట్టడం నామోషీ. కారుని నేలకి ఆనేంత కిందికి దించాలి, తలుపులు కోసి తెరుచుకునేలా కీళ్ళు పెట్టాలి, సీట్లకి తోలు తొడగాలి. ఆ తోలు నా హ్యాండ్‌బ్యాగుదని నాకు తర్వాత తెలిసింది.

ఈసారి ఆయన కట్టింది యాభై తొమ్మిదో సంవత్సరం క్యాడిలాక్. వెనకాల చేపరెక్కల్లాంటివి నిక్కబొడుచుకుని ఉంటాయి చూడండి, అది. ముదురు ఎరుపు రంగేసి, దాని మీద మళ్ళీ మళ్ళీ వార్నిష్ కొట్టి, అద్దంలా రుద్దారు. మర్నాడే మోడళ్ళవాళ్ళ ప్రదర్శన. ఇక మిగిలింది ముందు బంపరొక్కటే. కంపెనీవాడి క్రోమ్ పూత మరీ తళతళలాడుతోంది, చవకబారుగా ఉందని దాన్ని వదలగొట్టడానికి బ్లీచింగ్ నీళ్ళలో నానేశారట. పూత ఊడిపోతే కింద తెల్ల ప్లాస్టిక్కు. తెల్ల గిన్నెలో తెల్ల ముక్క నాకేం కనిపిస్తుంది? అదిప్పుడు ఏ మురుగుకాలవలో ఈదుతోందో.

"ఇంకోటి కొనుక్కోవచ్చుగా" అన్నాను.

"ఆ కిట్టు తయారుచెయ్యడం ఎప్పుడో మానేశారే! ఎక్కడ దొరుకుతుంది? నా ఆరునెలల పని కమోడ్‌లో పోశావు కదే!"

నాకూ రోషం వచ్చింది. బాత్రూమ్‌లో పెట్టింది ఆయన, తిట్లు నాకు. కానీ ఆయన కళ్ళలో నీళ్ళు చూసేసరికి రోషం దిగిపోయింది. ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. అప్పుడే నా నోటినుంచి ఆ మాట వచ్చింది.

"కింద బావగారి దగ్గర ఇదే కారుందిగా. ఆయన ఎలాగూ విప్పరు."

"నోర్ముయ్! అది ముట్టుకునే పెట్టేనా?" అన్నారు మా ఆయన. అన్నవారే కాసేపటికి లేచి కింది వాటా తాళంచెవి కోసం మేకు వైపు చూశారు.

ఆ పెట్టె సంగతి మా ఇంట్లో తెలియనివాళ్ళు లేరు. బావగారు ప్రెస్సులో రంగుల మిషన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముణ్ణి చదివించడం, మోడళ్ళు కట్టడం, ఇదే ఆయన జీవితం. మొదటి జీతంతో కొనుక్కున్న కిట్టు అది. దాని మీది సన్నటి ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. ఎందుకు బావగారూ అని అడిగితే, "ఇంకా చెయ్యి కుదరాలమ్మా. ముందు మిగతావాటి మీద నేర్చుకోనీ" అనేవారు. అలా నేర్చుకుంటూ నేర్చుకుంటూ జుట్టంతా నెరిసిపోయింది. బీరువా పై అరలో నుంచి అప్పుడప్పుడూ దాన్ని దించి, తుడిచి, అటూ ఇటూ తిప్పి చూసుకుని మళ్ళీ పెట్టేసేవారు. ప్లాస్టిక్ కాగితం ఒక మూల చిరిగితే దానికి టేపు వేశారు. ఆ టేపూ పసుపెక్కిపోయింది.

ఆ రోజు బావగారు ఇంట్లో లేరు. కంటి పరీక్షకి వెళ్ళారు. చుక్కల మందు వేస్తే సాయంత్రం దాకా ఏమీ కనిపించదని, మోడళ్ళ షాపాయన తోడు వెళ్ళాడు. ఆ షాపాయన్ని అందరూ భూతద్దంగారు అంటారు. నుదుటి మీద ఎప్పుడూ ఒక భూతద్దాల పట్టీ ఉంటుంది, అన్నానికి కూర్చున్నా తియ్యడు. ఆ క్యాడిలాక్ పెట్టె అమ్మింది కూడా ఆయనే. వాళ్ళిద్దరిదీ ఈనాటి స్నేహం కాదు.

మా ఆయన పెట్టె దించారు. బ్లేడుతో ప్లాస్టిక్ కాగితం కోశారు. లోపల వెండిరంగు ఫ్రేమునుంచి బంపరుని కటుక్కున కత్తిరించారు. "పూత ఇలాగే ఉంచి అంటిస్తా. ప్రదర్శన అవగానే తీసేసి మళ్ళీ ఫ్రేముకి అంటించేస్తా. ఎవడికి తెలుస్తుంది?" అన్నారు. ఎవడికో కాదు, బావగారికి తెలియకూడదని మా ఇద్దరికీ తెలుసు.

తర్వాతి పని నాది. నేను సబ్బులూ సెంటుసీసాలూ పెట్టెల్లో సర్ది, ప్లాస్టిక్ కాగితం చుట్టి, వేడిగాలి కొట్టి బిగించే చోట పనిచేస్తాను. ఎక్కువ పనుంటే ఇంటికి తెచ్చుకుంటాను కాబట్టి కాగితం చుట్టా, వేడిగాలి మిషనూ ఇంట్లోనే ఉంటాయి. మా ఇంట్లో నేను చుట్టని వస్తువు లేదు. టీవీ రిమోటు, పోపు డబ్బాలు, బావగారి మందుల పెట్టె. ఒకసారి మా ఆయన, "పడుకుంటే నన్నూ చుట్టేస్తుందేమో" అని చుట్టాల ముందు పరువు తీశారు. బావగారి పెట్టెని శ్రద్ధగా చుట్టాను. ఒక్క ముడత లేదు.

"టేపు లేదే? మరీ కొత్తగా కనిపిస్తోందే?" అన్నారు మా ఆయన.

"బావగారికి ఈ మధ్య కళ్ళే సరిగ్గా ఆనట్లేదు. ఏం చూస్తారులెండి" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఇప్పుడు తలుచుకుంటే నా నాలుక నేనే కోసుకోవాలనిపిస్తుంది.

ప్రదర్శనలో మా ఆయన కారుకి మొదటి బహుమతి వచ్చింది. బావగారు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయనే. కారుని రెండు చేతులతో ఎత్తి కంటికి దగ్గరగా పెట్టుకుని అంగుళం అంగుళం చూశారు. "అన్నిటికంటే ఈ ముందు బంపరు కుదిరిందిరా. ముఖానికి కళ వచ్చింది" అన్నారు. మా ఆయన బహుమతి చీటీని అటూ ఇటూ తిప్పి చూశారు. నేను ఫ్యాను గాలి రావట్లేదని అక్కణ్ణుంచి లేచిపోయాను.

బంపరు తీసెయ్యాలనుకున్నాం కదా. భూతద్దంగారు పట్టుబట్టి ఆ కారుని తన షాపు అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు. బహుమతి చీటీ కూడా దాని ముందే నిలబెట్టాడు. పోనీలే, బావగారు ఎలాగూ విప్పరు, నెమ్మదిగా చూద్దాం అనుకున్నాం. నెమ్మదిగా అనే మాట మాకప్పుడు చాలా సుఖంగా ఉంది.

ఆ వారంలోనే కంటి డాక్టరు అసలు సంగతి చెప్పేశాడు. ఎడమ కన్ను దాదాపు పోయినట్టే. కుడి కంటికి చూపు చుట్టూ అంచులనుంచి మూసుకుపోతూ వస్తోంది. మందులతో కొన్నాళ్ళు ఆపగలరు, అంతే. ఆ సాయంత్రం బావగారు మెట్లెక్కి పైకి వచ్చి కుర్చీలో కూర్చుని నవ్వారు.

"ఇంక చెయ్యి కుదిరేదేముందమ్మా! కన్నుండగానే క్యాడిలాక్ కట్టేస్తా. ఆదివారం విప్పుదాం. ఇద్దరూ రండి. ఇన్నాళ్ళు దాచింది ఒక్కణ్ణీ విప్పుకోవడం ఏం బావుంటుంది?"

ఆ రాత్రినుంచి ఇద్దరం ఒకరి మీద ఒకరం ఎగిరాం. "నీ సలహానే" అని ఆయన, "మీ కత్తెరే" అని నేను. వెళ్ళి చెప్పేద్దాం అని మాత్రం ఇద్దరిలో ఒక్కరమూ అనలేదు.

ఆదివారం బావగారు మంచం మీద తెల్ల దుప్పటి పరిచారు, ముక్క పడితే కనిపించాలని. కిటికీ దగ్గరికి బల్ల జరిపారు. పెట్టె చేతిలోకి తీసుకుని, అలవాటుగా బొటనవేలితో టేపు ఉండే మూల నిమిరారు. వేలు ఆగిపోయింది. ఇంకోసారి నిమిరారు. పెట్టె బోర్లా తిప్పి, కింది వైపు కూడా వేలితో మెల్లగా తడిమారు.

"ప్లాస్టిక్కు బాగా బిగుతుగా ఉందే" అన్నారు.

"ఎండలకి బిగుసుకుపోయుంటుంది బావగారూ" అన్నాను. సిగ్గులేని నోరు కదా, తడుముకోకుండా వచ్చేసింది.

"అంతేనంటావా" అని ఆయన కాసేపు నా వైపే ముఖం పెట్టి ఉన్నారు. తర్వాత మా ఆయన వైపు. అప్పుడు బ్లేడు తీసుకుని కాగితం కోశారు.

కిట్టు విప్పగానే ముక్కలన్నీ ఉన్నాయో లేదో సరిచూసుకోవడం వాళ్ళ పద్ధతి. బావగారు ఒక్కో ఫ్రేమూ దుప్పటి మీద పరిచి, ఒక్కో ముక్కనీ వేలితో తాకి పేరు చెబుతున్నారు. చక్రాలు. స్టీరింగు. వెనక బంపరు. చెబుతుంటే ఆయన గొంతులో సంతోషం నాకు వినబడుతూనే ఉంది. క్రోమ్ ఫ్రేము దగ్గర వేలు ఖాళీలో పడింది. అక్కడ మిగిలిన చిన్న మోడుని గోటితో రెండుమూడుసార్లు గీరారు.

"ముందు బంపరు లేదేంట్రా?"

మా ఆయన నోరు తెరిచారు. ఆయన చెప్పేస్తారేమో అని భయపడి నేను అందుకున్నాను.

"ఆ షాపాయనే తీసేసుంటాడు బావగారూ! లోపల ముక్క కొట్టేసి, మళ్ళీ చుట్టి అమ్మేసుంటాడు. ఇలాంటివి మా ప్యాకింగులో ఎన్ని చూళ్ళేదు!"

"అతనా?"

"మరి ఇంకెవరు తీస్తారు?"

బావగారు ఫ్రేముని జాగ్రత్తగా పెట్టెలో పెట్టారు. కత్తిరించిన ప్లాస్టిక్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "సరే, పదండి. అతన్నే అడుగుదాం" అన్నారు.

ముగ్గురం నడిచి వెళ్ళాం. పక్కనుంచి వచ్చే బళ్ళు బావగారికి కనిపించవు. అందుకని మా ఆయన భుజం పట్టుకుని నడిచారు. ఆ చెయ్యి తన భుజం మీద ఉన్నంతసేపూ మా ఆయన తల ఎత్తలేదు. బస్టాపు దగ్గర, "కాసేపు కూర్చుందామా" అన్నారు బావగారు. బల్ల మీద మధ్యలో కూర్చుని, పెట్టె ఒళ్ళో పెట్టుకున్నారు. బస్సులు వచ్చాయి, వెళ్ళాయి.

"ఏరా, ఏమైనా అన్నావా?"

"లేదన్నయ్యా."

"నువ్వేమన్నా అన్నావామ్మా?"

"లేదు బావగారూ."

"అలాగా. పదండి మరి" అని లేచారు. నేను చున్నీ కొసతో ముఖం తుడుచుకున్నాను. పెద్ద ఎండేమీ లేదు.

షాపు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. పైకప్పు దాకా పెట్టెలే. రంగుల్లో కలిపే థిన్నరు వాసన. గల్లా పక్కనే అద్దాల బీరువా, అందులో లైటు కింద మా ఆయన ఎర్ర క్యాడిలాక్. లోపల ఇంకో ఇద్దరు ఏవో రంగులు ఏరుకుంటున్నారు. బావగారు ఫ్రేము తీసి గల్లా మీద పెట్టారు.

"ఇవాళ విప్పాను. ముందు బంపరు లేదు. మావాళ్ళు నీ దగ్గరే ఏదో జరిగుంటుందంటున్నారు."

రంగులు ఏరుకునేవాళ్ళు ఇటు తిరిగారు. భూతద్దంగారి ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయి, పట్టీ కళ్ళ మీదికి దించుకుని ఫ్రేము చూశాడు. ఆయన చూపు అక్కణ్ణుంచి అద్దాల బీరువాలోకి వెళ్ళింది. అక్కణ్ణుంచి మా ఆయన మీదికి. అక్కడ ఆగింది. కత్తిరించిన చోట ప్లాస్టిక్కు తెల్లగా మెరుస్తోంది. పాత కోతైతే పసుపెక్కి ఉండాలి. ఆయన ఇదే పనిలో తల నెరిసినవాడు, తెలియకుండా ఎలా ఉంటుంది? ఇక అయిపోయింది మా పని అనుకున్నాను.

భూతద్దంగారు పట్టీ నుదుటి మీదికి ఎత్తేశాడు.

"తప్పు నాదేరా. అప్పట్లో విప్పి చూసి, మళ్ళీ చుట్టి అమ్మాను. ఎక్కడో పడిపోయుంటుంది. ఏమనుకోకు" అన్నాడు, ఆ ఇద్దరూ వింటుండగానే.

తల కొట్టేసినట్టయింది నాకు. వాళ్ళిద్దరిలో ఒకాయన రంగుడబ్బా కింద పెట్టేసి, రెండోవాణ్ణి మోచేత్తో పొడిచాడు.

"నువ్వూరుకో. నీకు అబద్ధమాడటం రాదు" అన్నారు బావగారు. కోపంగా కూడా అనలేదు. జేబులోనుంచి ప్లాస్టిక్ కాగితం తీసి, మడత విప్పి, నా చేతిలో పెట్టారు. "అమ్మా, నువ్వు ఏం చుట్టినా గాలి పోవడానికని కింది మూల సూదితో బెజ్జం పెడతావు కదూ? నా మందుల పెట్టెకి ఉంది. రిమోటుకి ఉంది. చీకట్లో ఏది పైవైపో ఏది కిందివైపో నేను దాన్ని తడిమే తెలుసుకుంటున్నాను ఈ మధ్య. ఇందాక పెట్టె పట్టుకోగానే వేలికి తగిలింది."

"తెలిసీ... మరి ఇంత దూరం ఎందుకొచ్చారు బావగారూ?" అన్నాను ఎలాగో.

"నువ్వు ఇతని మీద పెట్టావు కదమ్మా. దారిలోనైనా ఆ మాట వెనక్కి తీసుకుంటారనుకున్నాను. అందుకే బస్టాపులో కూర్చున్నాను కూడా."

భూమి చీలి లోపలికి పోతే బావుండునని అంటారు. అక్కడ నిలబడ్డప్పుడు అది మామూలు కోరికలాగే అనిపించింది. మా ఆయన ఒక్క ఉదుటున అద్దాల బీరువా తలుపు లాగి, కారు బయటికి తీశారు. "ఇచ్చేస్తానన్నయ్యా, ఇప్పుడే ఇచ్చేస్తా, నీది నీకిచ్చేస్తా" అంటూ గల్లా మీది కత్తితో బంపరు కిందనుంచి పొడవడం మొదలుపెట్టారు. వద్దు వద్దని భూతద్దంగారు అరుస్తూనే ఉన్నాడు. ప్రదర్శనలో ఊడిపోకూడదని మా ఆయన పెట్టిన జిగురు మామూలుది కాదు. ఎర్ర రంగు పెచ్చులూడింది. టప్పుమని బంపరు నడిమికి విరిగింది. ఒక ముక్క కత్తికే వేలాడింది, రెండోది నేల మీద పడింది. మా ఆయన ఆ ముక్క కోసం మోకాళ్ళ మీద కూర్చుని, లేవలేదు.

"ఇప్పుడు రెండు బళ్ళకీ లేకుండా పోయింది" అన్నారు బావగారు. విరిగిన ముక్కలు రెండూ అడిగి తీసుకుని పెట్టెలో వేసుకున్నారు.

తర్వాత నేను ఒక్కదాన్నీ వెళ్ళి భూతద్దంగారికి క్షమాపణ చెప్పుకున్నాను. కాళ్ళ మీద పడబోతే వెనక్కి జరిగాడు. "పోనీలేమ్మా. మీ ప్యాకింగు మాత్రం కంపెనీవాడికంటే బావుంది" అన్నాడు. హాస్యానికే అన్నాడు. ఇంటికొచ్చి వేడిగాలి మిషన్ అటక మీద పడేశాను. బహుమతి చీటీ మా ఆయన వాపసు ఇచ్చేశారు.

బావగారు క్యాడిలాక్ కట్టడం మొదలుపెట్టారు. పొద్దున వెలుతురు ఉన్నంతసేపూ కిటికీ దగ్గరే. మా ఆయన రోజూ గుమ్మం దాకా వెళ్ళేవారు. "అన్నయ్యా, చిన్న ముక్కలు నేను కత్తిరించి పెట్టనా?"

"వద్దులేరా. అలవాటైన పనేగా, నేను చేసుకుంటాను."

తిట్టినా బావుండేది. ఓ తడవ నేను కాఫీ తీసుకెళితే, "అక్కడ పెట్టమ్మా, థాంక్స్" అన్నారు. మా ఇంట్లో నాకు ఎప్పుడూ ఎవరూ థాంక్స్ చెప్పలేదు. బావగారైతే అసలే చెప్పేవారు కాదు.

కారు పూర్తయ్యాక రెండు చేతులతో పట్టుకుని, మెట్లు ఒక్కొక్కటే కాలితో వెతుక్కుంటూ పైకి తెచ్చి, మా హాల్లో టీవీ పక్కన పెట్టారు. లేత నీలం రంగు. ఇంత చక్కటి పని ఆయన చేతిలోనూ నేను ముందెప్పుడూ చూడలేదు. కారొక్కటే కాదు, ఒక మెకానిక్ షెడ్డే కట్టారు. బానెట్టు తెరిచి ఉంది. కింద జాకీలు. అగ్గిపుల్లలంత రెంచీలు. ముందు భాగం బోసిగా, లోపలి రేడియేటరు కనిపిస్తూ ఉంది. పక్కన గోడకి, విరిగిన బంపరు ముక్కలు రెండూ ఆనించి ఉన్నాయి. బాగుచేయడానికి బండి వచ్చినట్టు.

"మీ దగ్గరే ఉండనీ. నాకు ఇక పెద్దగా కనిపించదు కదా" అన్నారు.

మా ఇంటికి ఎవరొచ్చినా మొదట దాని దగ్గరికే వెళతారు. "అబ్బ, ఆ విరిగిన బంపరు ఎంత సహజంగా ఉందండీ! అలా విరగ్గొట్టాలనే ఐడియా ఎవరిదండీ?" అని అడుగుతారు. మా ఆయన వంటింట్లోకి వెళ్ళిపోతారు. జవాబు చెప్పాల్సింది నేను. ఇప్పటికి ఎంతమందికి చెప్పానో, ఒక్కోసారి ఒక్కోలా.

బావగారు తెచ్చిపెట్టి వారం తిరిగేసరికి దాని మీద దుమ్ము పట్టింది. ఆ చిన్న చిన్న సందుల్లో గుడ్డ పోదు, బ్రష్షుతో తుడిస్తే రెంచీలు ఊడొస్తాయి. ఆయన ఆఖరి కారు, పాడవకూడదు అనుకున్నాను. అటక మీంచి మిషన్ దించి, సబ్బుల పెట్టెలకి వాడే సన్నరకం ప్లాస్టిక్ కాగితం సరిపడా కత్తిరించి, షెడ్డు మీద కొలుస్తున్నాను. ఆ కాగితం చేసే చప్పుడు తెలుసుగా, గరగరమంటుంది. గుమ్మంలో బావగారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో చూసుకోలేదు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"దుమ్ము పడుతోందని, బావగారూ..."

ఆయన చప్పుడు వచ్చిన వైపే ముఖం పెట్టి కాసేపు విన్నారు.

"దీన్ని మాత్రం చుట్టకమ్మా" అన్నారు.